కూలరు ఒకటే, లెక్కలు వేరు

డిగ్రీ కళాశాలల భౌతికశాస్త్ర ప్రయోగశాలలలో లీ పద్ధతి అనే ప్రయోగం ఒకటి ఉన్నది. అట్ట, ఎబొనైటు వంటి అధమ ఉష్ణవాహకాల వాహకతను కొలవడానికి దీనిని చేయిస్తారు. పైన ఆవిరి పెట్టె, కింద ఇత్తడి బిళ్ళ, రెండింటి నడుమ అట్ట బిళ్ళ, చెరొక వైపున ఒక ఉష్ణమాపకం. పరికరం ఇంతే. కొన్ని సంవత్సరాల క్రిందట నా తరగతిలో ఇద్దరు విద్యార్థినులు ఒకే అట్ట బిళ్ళను రెండు బల్లల మీది రెండు పరికరాలలో ఉంచి కొలిచినారు. ఒకరికి వచ్చిన విలువ రెండవవారి విలువలో మూడింట రెండు వంతులే ఉన్నది. పుస్తకంలోని విలువకు ఇంత దూరమేమిటని ఆ అమ్మాయి రికార్డులో ఎర్రసిరాతో కొట్టివేసినాను. ఆ తరువాత వారం పరికరాన్ని తుడిపిస్తుండగా చూస్తే, ఆ బల్ల మీది ఇత్తడి బిళ్ళ కాస్త వంగి ఉన్నది. దాని మీద స్కేలు నిలబెడితే నడుమ సన్నగా వెలుతురు కనబడుతున్నది. అమ్మాయి లెక్క తప్పు కాదు. ఆమె కొలిచినది అట్టను ఒక్కదానినే కాదు, అట్టనూ దానికి అంటుకొని ఉన్న గాలి పొరనూ కలిపి.

ఈ సంగతి నేను దాదాపు మరచిపోయినాను. మొన్న సంక్రాంతి సెలవులకు వచ్చిన మా మేనల్లుడు దానిని గుర్తుకు తెచ్చినాడు. ఇంజనీరింగు చదువుతూ, సాయంకాలాలు పిల్లలకు పాఠాలు చెప్పి కొంత సొమ్ము కూడబెట్టి, కంప్యూటరును తానే కూర్చుకొంటున్నాడు. ప్రాసెసరు కొన్నాడు. ఇక దానిని చల్లార్చే కూలరు కొనవలసి ఉన్నది. (ఎండాకాలంలో మన ఇండ్లలో నీళ్ళు పోసి తిప్పే కూలరు కాదు. రాగి పీఠం, దాని నుండి లేచిన గొట్టాలు, వాటికి గుచ్చిన అల్యూమినియం రేకులు, ఒక ఫ్యాను, ఇవన్నీ కలిసి అరచేతిలో పట్టేంత ఉండే వస్తువు.) పరీక్షించినవారు ప్రకటించిన పట్టికలు రెండు నా ముందు పెట్టినాడు. ఒక పట్టికలో మొదటి స్థానంలో ఉన్న కూలరు రెండవ దానిలో నాలుగవది. "మామయ్యా, వీళ్ళిద్దరిలో ఎవరో ఒకరు డబ్బు తీసుకొని రాసినట్టే గదా?" అన్నాడు. అలా అయి ఉండనక్కర లేదని వానికి చెప్పడానికి ఒక పూట పట్టింది. ఎందుకంటే జవాబు ఈనాటిది కాదు. ఒక వస్తువు వేడిని ఎంత బాగా వదులుతుందో ఒక్క అంకెతో చెప్పాలని మనుష్యులు మూడు వందల సంవత్సరాలుగా ప్రయత్నిస్తున్నారు. ఆ అంకె ఆ వస్తువుది మాత్రమే కాదని పదేపదే కనుగొంటూ వచ్చినారు.

1701లో లండను రాయల్ సొసైటీ పత్రికలో పేరు లేని చిన్న లాటిను వ్యాసం వెలువడింది. రచయిత ఐజాక్ న్యూటన్. వేడి వస్తువు చల్లబడే వేగం, దానికీ పరిసరాలకూ ఉన్న ఉష్ణోగ్రతా భేదాన్ని అనుసరించి ఉంటుందన్నది ఆ వ్యాసంలోని సారాంశం. నేడు మన పాఠ్యపుస్తకాలలో ఉన్న న్యూటన్ శీతలీకరణ నియమం ఇదే. ఐతే పాఠ్యపుస్తకాలలో తరచుగా జారిపోయే మాట ఒకటి ఆ వ్యాసంలో ఉన్నది. ఎర్రగా కాలిన ఇనుప దిమ్మెను నిశ్చలమైన గాలిలో కాక, ఒకే తీరుగా గాలి వీచే చోట పెట్టినానని న్యూటన్ వ్రాసినాడు. వేడెక్కిన గాలి అక్కడే నిలిచిపోక, దాని స్థానంలోకి ఎప్పటికప్పుడు చల్లగాలి రావాలని ఆయన ఉద్దేశం. అంటే నియమం చెప్పిన మొదటి రోజుననే దాని షరతు కూడ చెప్పబడింది. 1817లో డ్యూలాంగ్, పెటీ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞులు, భేదం పెద్దదైతే ఈ నియమం నిలవదని చూపించినారు.

తరువాతి పెద్ద అడుగు ఫూరియేది. 1822లో వెలువడిన ఉష్ణ సిద్ధాంత గ్రంథంలో ఆయన రెండు వాహకతలను వేరు చేసినాడు. వస్తువు లోపల వేడి ప్రయాణించే తీరు ఒకటి, దాని ఉపరితలం నుండి బయటికి పోయే తీరు మరొకటి. మొదటిది పదార్థ లక్షణం. రెండవది ఉపరితలాన్నీ, దానిని తాకుతున్న గాలినీ, ఆ గాలి వేగాన్నీ బట్టి మారుతుంది. జర్మనీలో ఓమ్ 1827లో విద్యుత్తును గురించి వ్రాసినప్పుడు ఫూరియే మార్గాన్నే అనుసరించినాడు. నేటి ఇంజనీర్లు ఆ అప్పును తిరిగి తీర్చుకొన్నట్లుగా, ఓమ్ నియమం నుండి మాట తెచ్చుకొని ఉష్ణ నిరోధం అంటున్నారు. ఒక వాటు వేడి ప్రవహించినప్పుడు రెండు కొనల మధ్య ఎన్ని డిగ్రీల భేదం ఏర్పడుతుందో అదే ఉష్ణ నిరోధం.

ఈ భేదాన్ని పట్టించుకోనివారు ఎంత పొరబడగలరో పారిసులో పెక్లే చూపించినాడు. 1840 ప్రాంతాలలో ఆయన లోహపు రేకుకు ఒక ప్రక్క వేడినీరు, మరొక ప్రక్క చన్నీరు ఉంచి, దాటివచ్చే వేడిని కొలిచినాడు. రేకు మందం మార్చినా, లోహాన్నే మార్చినా ఫలితంలో చెప్పుకోదగిన తేడా రాలేదు! కారణమేమంటే, లోహాన్ని అంటిపెట్టుకొని కదలక ఉన్న సన్నని నీటి పొరలే వేడిని అడ్డగిస్తున్నవి. వాటి ముందు లోహపు అడ్డు లెక్కలోనికి రాదు. కుంచెలతో ఉపరితలాన్ని ఎడతెగకుండ తుడిచే ఏర్పాటు చేసి, నీటిని ఎప్పటికప్పుడు మార్చిన తరువాతనే లోహాల మధ్య తేడా బయటపడింది. మన చెరువులను తలచుకొంటే ఇది సులభంగా బోధపడుతుంది. తూము ఇరుకైతే దాని కింది కాలువను ఎంత వెడల్పు చేసినా పొలానికి వచ్చే నీరు పెరగదు. రెండు కాలువలలో ఏది మేలైనదో ఇరుకు తూము దగ్గర నిలబడి తేల్చలేము.

రెండు ఘనపదార్థాలు ఒకదానినొకటి తాకినచోట ఏమి జరుగుతుందో అర్థం కావడానికి మరొక నూరేండ్లు పట్టింది. కంటికి అద్దంలా కనబడే లోహం కూడ సూక్ష్మంగా చూస్తే గుట్టలూ పల్లాలూ. రెండు తలాలను కలిపితే గుట్టల శిఖరాలు మాత్రమే తగులుతవి. నిజంగా తాకే వైశాల్యం, కంటికి కనబడే వైశాల్యంలో చాల చిన్న భాగమని కేంబ్రిడ్జిలో బౌడెన్, టేబర్ 1939లో చూపించినారు. నొక్కుడు పెరిగితే ఆ భాగమూ పెరుగుతుంది. మిగిలిన సందులలో గాలి ఉంటుంది. గాలి ఎంత అధమ వాహకమో చలికాలంలో రగ్గు కప్పుకొనేవారికి చెప్పనక్కరలేదు. 1951లో లండనులో జరిగిన ఉష్ణ ప్రసార చర్చాసభలో చెటిన్‌కాలే, ఫిషెన్‌డెన్ ఈ సంపర్క నిరోధాన్ని లెక్కకట్టే పద్ధతిని వివరించినారు. మా ప్రయోగశాలలోని వంగిన బిళ్ళ చేసిన పని ఇదే.

కంప్యూటర్లకు ఈ చిక్కు మొదట పెద్ద యంత్రాలలో వచ్చింది. 1980లో ప్రకటించిన ఐ.బి.ఎం. 3081 యంత్రంలో వందకు పైగా చిప్పులను ఒకే పలక మీద బిగించినారు. ఒక్కొక్క చిప్పు వెనుక స్ప్రింగు నొక్కే చిన్న పిస్టను ఒకటి పెట్టి, వేడిని దాని ద్వారా నీటితో చల్లార్చే మూతకు చేర్చినారు. పిస్టను చిప్పును తాకేచోట సందు తప్పదు. అందుచేత ఆ పెట్టెలో గాలికి బదులు హీలియం నింపినారు. హీలియం గాలికంటె సుమారు ఆరు రెట్లు మంచి వాహకం. సందును మూయలేనప్పుడు సందులోని వాయువునే మార్చిన ఈ ఉపాయం నాకు ఎప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

చిన్న కంప్యూటర్లకు మొదట్లో ఈ బాధ లేదు. 1971లో వచ్చిన ఇంటెల్ 4004కు కూలరు అక్కరలేదు. 1989 నాటి 486 మొదటి రకాలు కూడ చాలవరకు ఫ్యాను లేకుండ పనిచేసినవి. 1993లో వచ్చిన పెంటియం 66 మెగాహెర్ట్జ్ వద్ద సుమారు 16 వాట్ల వరకు వేడి వెలువరించింది. అప్పటినుండి రేకుల దిమ్మె, దాని మీద ఫ్యాను సామాన్యమైనవి. ఈనాటి పెద్ద ప్రాసెసర్లు 200 వాట్లు దాటుతున్నవి. బట్టల ఇస్త్రీపెట్టె ఇంతకంటె ఎక్కువ వాట్లే తీసుకొంటుంది, కాని దాని అడుగు అరచేయంత. ప్రాసెసరులో ఆ వేడి గోరంత వైశాల్యంలో పుడుతుంది.

ఈలోగా తయారీదార్లు అందరి కొలతలనూ ఒక తాటి మీదికి తేవాలని పూనుకొన్నారు. 1995 డిసెంబరులో జెడెక్ అనే అమెరికా సంస్థ, చిప్పుల ఉష్ణ నిరోధాన్ని కొలిచే ప్రమాణాలను ప్రకటించింది. ఘనపుటడుగు పెట్టె, అందులో నిశ్చలమైన గాలి, నిర్ణీతమైన పలక, నిర్ణీతమైన స్థానం. న్యూటన్ వీచే గాలిని కోరుకొంటే వీరు నిలిచిన గాలిని ఎంచుకొన్నారు. ఏదైనా సరే, అందరిదీ ఒకటే కావడం ముఖ్యం. అందులోనే ఒక హెచ్చరిక కూడ చేర్చినారు: ఈ అంకె ఒక చిప్పును మరొక చిప్పుతో పోల్చడానికే గాని, మీ పెట్టెలో అది ఎంత వేడెక్కుతుందో చెప్పడానికి కాదు. తమ కొలత దేనికి పనికిరాదో ప్రమాణం వ్రాసినవారే చెప్పడం మెచ్చుకోదగినది. కాని కూలర్లను ఇంటి బల్లల మీద పరీక్షించేవారికి ఇటువంటి ప్రమాణమేదీ లేదు. ఒక్కొక్కరిది ఒక్కొక్క ప్రాసెసరు, ఒక్కొక్క బోర్డు, ఒక్కొక్క గది.

మా మేనల్లుడి పట్టికలకు ఇప్పుడు వద్దాము. ఒక కూలరు నిరోధం వాటుకు 0.15 డిగ్రీలు, మరొకదానిది 0.12 అనుకొందాము. 60 వాట్ల ప్రాసెసరు మీద ఈ రెండింటి మధ్య తేడా రెండు డిగ్రీలు కూడ రాదు. గదిలో కిటికీ తెరిచినా అంత తేడా వస్తుంది. అదే 200 వాట్ల దాని మీద తేడా ఆరు డిగ్రీలు. మొదటి పరీక్షకుడు చిన్న ప్రాసెసరు వాడి ఉంటే, అతని పట్టికలోని మొదటి నాలుగు స్థానాలు ఇంచుమించు చీటీలు తీసి పంచినట్లే.

ఇది అన్నిటికంటె తేలిక కారణం. అసలు చిక్కు చిప్పుకూ కూలరుకూ మధ్య ఉన్నది. నేటి ప్రాసెసరులలో చాలవాటికి సిలికాను చిప్పు మీద రాగి మూత ఉంటుంది. చిప్పుకూ మూతకూ నడుమ టంకమో, లేపనమో ఉంటుంది. మూతకూ కూలరుకూ నడుమ మనం పూసే లేపనం, అంగళ్ళలో థర్మల్ పేస్టు అని అమ్మేది, ఉంటుంది. లోపలి పొర 50 మైక్రోమీటర్ల మందం అనుకొని, మీటరుకు డిగ్రీకి 5 వాట్ల వాహకత ఉన్న లేపనంతో లెక్కవేసి చూడండి. 200 చదరపు మిల్లీమీటర్ల చిప్పు నుండి 100 వాట్లు పోతే ఆ పొరలోనే 5 డిగ్రీలు తగ్గుతుంది. చిప్పు 74 చదరపు మిల్లీమీటర్లదైతే అదే పొరలో పదమూడున్నర డిగ్రీలు. కూలరుకు ఇందులో ప్రమేయమే లేదు. అది పైనెక్కడో ఉన్నది. ఐనా ఉష్ణోగ్రత కొలిచేది చిప్పు లోపల కనుక, ఈ డిగ్రీలన్నీ కూలరు ఖాతాలోనే పడుతున్నవి.

ఈ లెక్క ఊహ కాదు. 2011 నాటి ఇంటెల్ చిప్పులలో మూత కింద టంకం ఉండేది. 2012లో ఐవీ బ్రిడ్జి అనే తరం వచ్చినప్పుడు చిప్పు 216 చదరపు మిల్లీమీటర్ల నుండి 160కి తగ్గింది. టంకానికి బదులు లేపనం పూసినారు. వాట్లు తగ్గినా, వేగం పెంచి నడిపేవారి దగ్గర వేడి పెరిగింది. కొందరు సాహసించి మూతలు ఊడదీసి చూస్తే, లేపనం సంగతి అటుంచి, మూతను అతికించిన జిగురు మందం వల్ల సందు పెద్దదైందని తేలింది. 2011 ప్రాసెసరు మీదా 2012 దాని మీదా ఒకే కూలరును పరీక్షించినవారికి రెండు లెక్కలు రాక ఏమవుతుంది? ఆ తరువాత 2018లో ఇంటెల్ పెద్ద ప్రాసెసర్లకు టంకమే తిరిగి వచ్చింది.

2019 జులైలో ఎ.ఎం.డి. రైజెన్ 3000 వచ్చింది. దీనిలో లెక్కలు చేసే చిప్పు సుమారు 74 చదరపు మిల్లీమీటర్లు మాత్రమే. పైగా అది మూత నడిమధ్యన లేదు, ఒక ప్రక్కకు ఉన్నది. మన వంటింట్లో సన్నని రేకు పెనం మీద దోసె పోస్తే మంట తగిలిన నడుమ మాడుతుంది, అంచు పచ్చిగా ఉంటుంది. బరువైన ఇనుప పెనమైతే మంట ఎక్కడ తగిలినా వేడి పరచుకొంటుంది. కూలరు పీఠానికీ ఇదే పరీక్ష. పైగా పీఠంలో ఉష్ణ గొట్టాలు పక్కపక్కన ఉంటవి. గొట్టంలో కొద్దిపాటి ద్రవం ఒక కొన ఆవిరై, మరొక కొన నీరై, లోపలి ఒత్తి ద్వారా తిరిగి వస్తుంది. అమెరికాలోని లాస్ అలమాస్‌లో గ్రోవర్ 1963లో దీనిని పనికివచ్చే రూపంలో చేసి చూపినాడు. ఆరు గొట్టాలున్న కూలరు గొప్పదే. కాని చిన్న చిప్పు ఒక ప్రక్కన ఉండి రెండు గొట్టాల కిందనే కాగితే, ఆ రెండూ శక్తికి మించి పనిచేస్తుండగా తక్కిన నాలుగూ ఇంచుమించు ఖాళీగా ఉంటవి. పెద్ద చిప్పు మీద ఓడిన నాలుగు గొట్టాల కూలరు, పీఠం అమరిక కుదిరితే, ఇక్కడ గెలవవచ్చు.

2021 నవంబరులో ఇంటెల్ కొత్త సాకెట్టు పెట్టింది. ప్రాసెసరు పొడవుగా మారింది. దానిని పట్టివుంచే బిగింపు పొడుగు అంచుల నడుమ నొక్కుతుంది. ఆ నొక్కుడుకు రాగి మూత కొద్దిగా వంగి నడుమ పల్లమైంది. (ఇది చదివినప్పుడు నాకు మా ఇత్తడి బిళ్ళ కళ్ళముందు నిలిచింది.) చదునైన పీఠం గల కూలరు ఆ పల్లం మీద అంచులతో కూర్చుంటుంది. నడుమ కొద్దిగా ఉబ్బిన పీఠం పల్లంలో ఒదుగుతుంది. అదే ఉబ్బిన పీఠాన్ని చదునైన మూత గల ఎ.ఎం.డి. ప్రాసెసరు మీద పెడితే పరిస్థితి తలక్రిందులు. 2024లో ఆస్ట్రియాకు చెందిన నోక్టువా సంస్థ తన పెద్ద కూలరును మూడు రకాల పీఠాలతో అమ్మకానికి పెట్టింది: మామూలుది, ఎక్కువ ఉబ్బినది, తక్కువ ఉబ్బినది. రేకులూ గొట్టాలూ ఫ్యానులూ మూడింటిలో ఒకటే. కూలరు గుణం కూలరులో మాత్రమే లేదని దానిని అమ్మేవారే ఒప్పుకొన్నట్లు కాదా?

ఉష్ణమాపకం సంగతి వేరే. 2017లో వచ్చిన రైజెన్ 1700ఎక్స్, 1800ఎక్స్ ప్రాసెసర్లు అన్ని రైజెన్ ప్రాసెసర్లకూ ఫ్యాను నడిచే తీరు ఒకటిగా ఉండేందుకని ఉన్న ఉష్ణోగ్రతకు 20 డిగ్రీలు కలిపి చూపించినవి. ఆ సంగతి ఎ.ఎం.డి. చెప్పేవరకు చాలమంది కూలర్లను నిందించినారు. 2022లో వచ్చిన రైజెన్ 7000 తరంలోని పెద్ద ప్రాసెసర్లు మరొక వింత చేస్తవి. కూలరు అనుమతించినంత మేర వాట్లు పెంచుకొంటూ 95 డిగ్రీల దగ్గర ఆగేలా వాటిని తయారు చేసినారు. మంచి కూలరు పెట్టినా 95, ఓ మాదిరిది పెట్టినా 95! తేడా ఉష్ణోగ్రతలో కాక, ప్రాసెసరు వేగంలో కనబడుతుంది. ఉష్ణోగ్రత మాత్రమే అచ్చువేసే పట్టికలో రెండూ సమానమే అవుతవి.

గది వేడిమిని తీసివేసి మిగిలినదానిని ప్రకటిస్తే సరిపోతుందని కొందరంటారు. కొంతవరకే సరిపోతుంది. చిప్పు వేడెక్కినకొద్దీ దానిలో వృథాగా కారిపోయే విద్యుత్తు పెరిగి, వాట్లే పెరుగుతవి. 21 డిగ్రీల గదిలో 160 వాట్లు తీసుకొన్న పని, మే నెలలో విజయవాడలో 40 డిగ్రీల గదిలో అంతకంటె ఎక్కువ తీసుకొంటుంది. ఇక మూతపెట్టిన పెట్టె, మూతలేని బల్ల, తమకు తోచిన వోల్టేజి ఇచ్చే బోర్డు వీటి ప్రభావాన్ని పాఠకులు స్వయంగా ఊహించగలరు.

ఆ రెండు పట్టికలనూ మళ్ళీ తిరగవేసినాము. మొదటి పరీక్షకుడు ప్రక్కకు ఉన్న చిన్న చిప్పుతోనూ, రెండవవాడు వంగే మూత గల ఇంటెల్ ప్రాసెసరుతోనూ కొలిచినట్లు అడుగున చిన్న అక్షరాలలో ఉన్నది. ఇద్దరూ నిజమే చెప్పినారు. మా వాడు కొన్నది రైజెన్ కనుక మొదటి పట్టికనే పట్టుకొని, అందులో మూడవ స్థానంలో ఉన్నదానిని, ధర సగమని, కొన్నాడు. మొదటిదానికీ దానికీ తేడా రెండు డిగ్రీలు. మిగిలిన డబ్బుతో పెట్టెకు ఇంకొక ఫ్యాను పెట్టించినాడు.

ఆ ఇత్తడి బిళ్ళను నేను పారవేయించలేదు. ఈ సంవత్సరం నుండి రెండు బల్లల విద్యార్థులూ ఒకసారి కొలిచిన తరువాత అట్టలను మార్చుకొని మరొకసారి కొలుస్తారు. రికార్డులో నాలుగు విలువలూ వ్రాసి, ఏది ఏ బల్ల మీదిదో ఎదురుగా వ్రాస్తున్నారు.